లెక్కకందని పాఠం

ప్రవేశిక

విశ్వవిద్యాలయాల్లోనూ, వాటికి అనుబంధంగా నడిచే కళాశాలల్లోనూ పాఠం చెప్పేవారి జీవనం బయటివారికి సుఖమైన ఉద్యోగంగా కనిపిస్తుంది. దినానికి కొన్ని గంటల బోధన, తరచు సెలవులు, సమాజంలో గౌరవం ఉంటాయనే భావన లోకంలో ఉన్నది. ఆ జీవనంలో కంటికి కనిపించే పని ఎంత, కనిపించని పని ఎంత, ఆ రెండింటిలో దేనికి విలువ ఎక్కువ అనే విషయాలను సిద్దిపేట ప్రాంతపు ఉదాహరణలతో ఈ వ్యాసం చర్చిస్తుంది.

*

ఉదయం ఎనిమిది దాటేసరికి సిద్దిపేట బస్టాండులో చుట్టుపక్కల ఊళ్ళ బస్సులు వచ్చి ఆగుతాయి. దుబ్బాక, మిరుదొడ్డి, తొగుట, చిన్నకోడూరు, నంగునూరు, కొండపాక ప్రాంతాల నుంచి వచ్చిన విద్యార్థులు భుజాన సంచులతో దిగి కళాశాలల వైపు నడుస్తారు. వారిలో అనేకులు తమ ఇంట డిగ్రీ చదువుతున్న మొదటి తరం. తండ్రి సేద్యం చేస్తాడు, లేదా మగ్గం నేస్తాడు, లేదా కూలికి పోతాడు. తల్లి బీడీలు చుడుతుంది, లేదా పొలం పనికి పోతుంది. ఆ పిల్లవాడు ఏ విషయం చదవాలి, చదివితే ఏమవుతాడు, ఎక్కడ దరఖాస్తు పెట్టాలి అనే ప్రశ్నలకు ఇంట్లో సమాధానం చెప్పగలవారు ఉండరు. ఆ ప్రశ్నలన్నీ కళాశాలకు వస్తాయి. అక్కడ పాఠం చెప్పే అధ్యాపకుని ముందు నిలుస్తాయి.

ఇట్టి పట్టణంలో అధ్యాపకుని పని తరగతి గది తలుపు దగ్గర మొదలై అక్కడే ముగిసేది కాదు. 1956లో స్థాపితమై, ఉస్మానియా విశ్వవిద్యాలయానికి అనుబంధంగా నడుస్తూ, స్వయంప్రతిపత్తిని పొందిన సిద్దిపేట ప్రభుత్వ డిగ్రీ కళాశాల వంటి సంస్థల చరిత్రను పరిశీలిస్తే ఈ సంగతి స్పష్టమవుతుంది. రాజధానికి సుమారు నూరు కిలోమీటర్ల దూరంలో, 2023 అక్టోబరు వరకు రైలు సౌకర్యం సైతం లేని పట్టణంలో ఉన్నత విద్య ఇంటింటికీ చేరిందంటే, అందుకు భవనాలు ఎంత కారణమో, ఆ భవనాల్లో పనిచేసిన మనుషులు అంతకంటే ఎక్కువ కారణం.

అధ్యాపకుని పని రెండు విధాలు. మొదటిది లెక్కకు వచ్చేది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2010లో ప్రకటించిన నిబంధనల ప్రకారం సహాయ ఆచార్యుడు వారానికి 16 గంటలు ప్రత్యక్షంగా బోధించాలి. విద్యా సంవత్సరంలో కనీసం 30 వారాలు, వారానికి 40 గంటలకు తగ్గకుండా పనిభారం ఉండాలి. ఆ నిబంధనలతోనే ఉపన్యాసకుడు అనే పాత పేరు పోయి సహాయ ఆచార్యుడు అనే కొత్త పేరు వచ్చింది. పేరు మారినా పని మారలేదు. హాజరు వేయడం, పాఠ్యప్రణాళికను పూర్తి చేయడం, ప్రశ్నపత్రం తయారు చేయడం, జవాబు పత్రాలు దిద్దడం, పరీక్ష గదిలో పర్యవేక్షణ, ప్రవేశాల పని, ఉపకార వేతనాల పత్రాలు, ఎన్నికల విధులు – ఇవన్నీ ఏదో ఒక రిజిస్టరులో నమోదవుతాయి.

రెండవది లెక్కకు రానిది. ఒక గంట పాఠానికి అధ్యాపకుడు ముందునాటి రాత్రి రెండు గంటలు చదువుతాడు. పదేళ్ళుగా చెప్పిన పాఠమే అయినా మళ్ళీ చదువుతాడు, ఎందుకంటే వినేవారు పదేళ్ళనాటివారు కారు. నాలుగు రోజులుగా కనిపించని అమ్మాయి గురించి ఆమె స్నేహితురాళ్ళను అడుగుతాడు. పెళ్ళి చేసి చదువు మాన్పించబోతున్నారని తెలిస్తే తండ్రిని పిలిపించి మాట్లాడుతాడు. బస్సు పాసుకు డబ్బులేని విద్యార్థి జేబులో మరెవరూ చూడకుండా ఇరవై రూపాయలు పెడతాడు. గ్రంథాలయంలో ధూళి పట్టిన పుస్తకాన్ని దులిపి, సరిగ్గా అది అవసరమైన పిల్లవాని చేతికి ఇస్తాడు. ఏ తనిఖీ బృందమూ ఈ పనులను గురించి అడగదు. ఏ పట్టికలోనూ వీటికి గడి ఉండదు. కాని ముప్పై ఏళ్ళ తరువాత పాత విద్యార్థులు కలుసుకున్నప్పుడు చెప్పుకునేది ఈ పనులను గురించే.

అధ్యాపక జీవనంలో ఈ రెండవ విధమైన పనియే ప్రధానమైనది. మొదటిది దానికి ఆధారం మాత్రమే. ఈ క్రమం తలకిందులైనప్పుడు, అనగా లెక్కకు వచ్చేదే పని, రానిది పని కాదు అనే భావన పాతుకొన్నప్పుడు, విద్యకు హాని కలుగుతుంది.

ఈ భావనను బలపరచడానికి దూరదేశాల ఉదాహరణలు వెదకనవసరం లేదు. పూర్వపు మెదక్ జిల్లాలోనే కొలిచెలమ అనే గ్రామం ఉన్నది. నేడు దానిని కొల్చారం అంటారు. కాళిదాసాది మహాకవుల కావ్యాలకు వ్యాఖ్యానాలు రచించిన మల్లినాథసూరి ఇంటిపేరు ఆ గ్రామంతో ముడిపడి ఉన్నది. కాళిదాసును సంస్కృతంలో చదువుకొన్న తరతరాల విద్యార్థులు మల్లినాథుని చేయి పట్టుకొనే చదివారు. ఆయన వ్యాఖ్యానానికి రెండు నియమాలు పెట్టుకొన్నాడు. ఆధారం లేనిది ఏదీ వ్రాయకూడదు. అవసరం లేనిది ఏదీ చెప్పకూడదు. ఆరు శతాబ్దాల నాటి ఈ రెండు నియమాలు నేటి అధ్యాపకునికి కూడా సరిపోతాయి. మొదటి నియమం పరిశోధకునికి సంబంధించినది. రెండవ నియమం బోధకునికి సంబంధించినది. తెలిసినదంతా తరగతిలో గుమ్మరించడం బోధన కాదు. వినేవానికి ఈ క్షణాన ఏది కావాలో గుర్తించి అంతవరకే చెప్పడం బోధన. మరొక విశేషమేమంటే, మల్లినాథుడు తన కీర్తిని ఇతరుల మాటను విప్పి చెప్పడం ద్వారానే సంపాదించాడు. అధ్యాపక వృత్తిలోని వినయం ఇదే.

ఆధునిక కాలానికి వస్తే, 1918లో హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఆంగ్లాన్ని కాక ఒక భారతీయ భాషను, ఉర్దూను, ఉన్నత విద్యకు మాధ్యమంగా స్వీకరించడం నాడు సాహసమే. అయితే తెలంగాణ పల్లెల్లో అధిక సంఖ్యాకుల మాతృభాష తెలుగు. ఇంట ఒక భాష, బడిలో మరొక భాష అనే స్థితిలో చదివి పైకి వచ్చినవారిలో డాక్టర్ సి. నారాయణరెడ్డి ఒకరు. సిద్దిపేటకు పొరుగున ఉన్న సిరిసిల్ల ప్రాంతపు హనుమాజీపేట గ్రామంలో 1931లో ఆయన జన్మించారు. సిరిసిల్ల, కరీంనగరాలలో ఉర్దూ మాధ్యమంలో చదివారు. ఉస్మానియాలో తెలుగు ఎం.ఏ. పూర్తిచేసి, ఆధునికాంధ్ర కవిత్వంలోని సంప్రదాయాలను, ప్రయోగాలను గురించి సిద్ధాంతగ్రంథం సమర్పించారు. 1988వ సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారం ఆయనను వరించింది. లోకం ఆయనను కవిగా, సినీగేయ రచయితగా ఎరుగును. కాని ఆయన జీవిక అధ్యాపకత్వం. తరగతి గదిలో పాఠం చెప్పిన గొంతే సభావేదికల మీద కవిత్వం చెప్పింది.

అదే విశ్వవిద్యాలయంలో ఆచార్య బిరుదురాజు రామరాజు మరొక మార్గం చూపారు. ఆయన తన పరిశోధనకు గ్రంథాలయంలోని పుస్తకాలను కాక, నాట్లు వేసే స్త్రీల పాటలను, తిరుగలి పాటలను, తల్లులు పాడే జోలపాటలను విషయంగా తీసుకొన్నారు. పల్లెపల్లెకూ తిరిగి సేకరించిన ఆ సంపదతో తెలుగు జానపద గేయ సాహిత్యాన్ని గురించి ఆయన చేసిన పరిశోధన తరువాతి వారికి బాట వేసింది. చదువురానిదని లోకం భావించిన స్త్రీ నోట విశ్వవిద్యాలయానికి కావలసిన జ్ఞానం ఉన్నదని నిరూపించిన పని అది. సిద్దిపేట బస్సు దిగి వచ్చే విద్యార్థికి ఇందులో గొప్ప ధైర్యం ఉన్నది. అతని అమ్మమ్మ పాడిన పాట కూడా ఒక పాఠ్యమే అని ఆ పరిశోధన చెప్పకనే చెబుతుంది.

ఇక సిద్దిపేటలోనే జీవించి, అక్కడి మట్టితో తమ పాండిత్యాన్ని ముడివేసుకొన్న గురువులు కొందరున్నారు. కొండపాక మండలం బందారం గ్రామంలో 1955లో జన్మించిన డాక్టర్ నందిని సిధారెడ్డి వారిలో ప్రముఖులు. ఆధునిక తెలుగు కవిత్వంలోని వాస్తవికత, అధివాస్తవికతలను గురించి ఆయన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పరిశోధించి డాక్టరేటు పొందారు. అధివాస్తవికత అనేది ఐరోపాలో, విశేషించి ఫ్రాన్సు దేశంలో పుట్టిన కళోద్యమం. అట్టి విషయంపై పరిశోధన చేసినవారు మహానగరంలోనే స్థిరపడిపోవచ్చు. సిధారెడ్డి సిద్దిపేట కళాశాలలో తెలుగు అధ్యాపకునిగా పనిచేశారు. మంజీర రచయితల సంఘాన్ని నెలకొల్పి, పల్లెల నుంచి వచ్చిన యువకుల రచనలకు వేదిక కల్పించారు. 2017లో తెలంగాణ సాహిత్య అకాడమీ ఏర్పడినప్పుడు దానికి తొలి అధ్యక్షులయ్యారు. పదవి పెద్దది కావచ్చు. కాని అంతకు పూర్వం ఒక జిల్లా పట్టణంలో ఏళ్ళ తరబడి కుర్రవాళ్ళ కవితలు ఓపికగా చదివి, దిద్ది, మళ్ళీ వ్రాసుకు రమ్మని చెప్పిన పని ఏ పదవికీ తక్కువది కాదు.

పద్యకవి వేముగంటి నరసింహాచార్యులు సిద్దిపేటలో సాహిత్య సంస్థలను నడిపి, పట్టణంలో పద్యం వినే అలవాటును నిలిపారు. చిత్రకారుడు కాపు రాజయ్య 1925లో సిద్దిపేటలో పుట్టి, 2012లో కన్నుమూసేవరకు ఆ ఊరితోనే బంధం నిలుపుకొన్నారు. ఆయన వృత్తి పాఠశాలలో చిత్రలేఖనం నేర్పడం. చిత్రలేఖనం పీరియడు అంటే పరీక్షకు పనికిరాని పీరియడు అనుకొనే రోజుల్లో, ఆయన తెలంగాణ పల్లె జీవితాన్ని, గ్రామదేవతల కొలుపులను, శ్రమించే స్త్రీలను నకాషీ శైలి ఛాయలతో చిత్రించి దేశవిదేశాల్లో గుర్తింపు పొందారు. ఆయన విశ్వవిద్యాలయ ఆచార్యుడు కాకపోవచ్చు. అయినా, నేర్పే పని, తాను సృజించే పని వేరు కావని ఆయన జీవితం రుజువు చేసింది.

ఈ రెండు పనులూ ఒకటేననే ఆలోచనకు ప్రపంచ చరిత్రలోనూ పునాది ఉన్నది. 1810లో జర్మనీలోని బెర్లిన్ నగరంలో విల్‌హెల్మ్ ఫన్ హంబోల్ట్ ఆలోచనలతో ఒక విశ్వవిద్యాలయం ప్రారంభమైంది. బోధన, పరిశోధన కలిసి సాగాలనేది దాని మూలసూత్రం. గురువు తెలిసిన విషయాన్ని అప్పగించేవాడు కాదు, శిష్యునితో కలిసి తెలియనిదానిని వెదికేవాడు అనే భావన అక్కడి నుంచి అనేక దేశాలకు వ్యాపించింది.

ఈ సూత్రానికి భారతదేశంలో చక్కని నిదర్శనం సత్యేంద్రనాథ్ బోసు జీవితంలో కనిపిస్తుంది. ఆయన ఢాకా విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం బోధించేవారు. వేడెక్కిన వస్తువుల నుంచి వెలువడే వికిరణాన్ని గురించి ప్లాంక్ కనుగొన్న సూత్రాన్ని విద్యార్థులకు చెప్పవలసి వచ్చినప్పుడు, దానిని రాబట్టే పద్ధతి ఆయనకు తృప్తినివ్వలేదు. తనకే తృప్తి కలిగించని దానిని పిల్లలకు ఎలా చెప్పాలనే మథనంలో నుంచి ఒక కొత్త పద్ధతి వెలువడింది. 1924లో ఆ వ్యాసాన్ని ఆయన ఐన్‌స్టీన్‌కు పంపారు. ఐన్‌స్టీన్ దానిని స్వయంగా జర్మన్ భాషలోకి అనువదించి ప్రచురింపజేశారు. నేడు ప్రపంచంలోని ఒక వర్గపు మూలకణాలన్నీ బోసు పేరుతో 'బోసాన్లు' అని పిలువబడుతున్నాయి. ఆయనకు డాక్టరేటు పట్టా లేదు. పదోన్నతి కోసం ఆయన ఆ వ్యాసం వ్రాయలేదు. మంచి పాఠం చెప్పాలనే తపన నుంచి గొప్ప పరిశోధన పుట్టింది.

ఈ ఉదాహరణ పక్కన ఇటీవలి స్థితిని పెట్టి చూడాలి. 2010 నిబంధనలు అధ్యాపకుల పదోన్నతికి మార్కుల విధానాన్ని తెచ్చాయి. వ్యాసం ప్రచురిస్తే ఇన్ని మార్కులు, సదస్సులో పత్రం చదివితే ఇన్ని మార్కులు అని లెక్క ఏర్పడింది. ఉద్దేశం మంచిదే. చదవడం మానివేసిన అధ్యాపకుని మళ్ళీ చదివించాలని, ప్రతిభకు పదోన్నతిలో స్థానం కల్పించాలని ఆ విధానం తలపెట్టింది. కాని ఆచరణలో పెడదారులు కూడా ఏర్పడ్డాయి. రుసుము తీసుకొని ఏ వ్యాసాన్నైనా అచ్చువేసే పత్రికలు దేశంలో పుట్టగొడుగుల్లా వెలిశాయి. చదివేవారు లేని వ్యాసాలు, వినేవారు లేని సదస్సులు పెరిగాయి. ఈ అనుభవం వల్లనే 2018 నిబంధనలు కళాశాల అధ్యాపకుల విషయంలో పరిశోధన వ్యాసాల లెక్కల ఒత్తిడిని తగ్గించి, బోధనకు ప్రాధాన్యమిచ్చాయి. కొలబద్ద మంచిదే అయినా, కొలిచేది ఏమిటో మరచిపోతే కొలత వ్యర్థమని ఈ ఎనిమిదేళ్ళ అనుభవం నేర్పింది.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. అధ్యాపకునికి జీతం ప్రజాధనం నుంచి వస్తున్నది. ఆ జీతానికి లెక్క అడిగే హక్కు ప్రజలకు లేదా? లెక్కకు రాని పని చేస్తున్నానని చెప్పి, లెక్కకు వచ్చే పనిని కూడా ఎగవేసేవారు ఉండరా? తరగతికి ఆలస్యంగా వచ్చి, పాత నోట్సు చెప్పి, గంట కొట్టకముందే వెళ్ళిపోయేవారు లేరా? ఈ ఆక్షేపణ న్యాయమైనది. అట్టివారు ఉన్నారు. రిజిస్టరు లేకపోతే వారి సంఖ్య పెరుగుతుంది కూడా. పేద విద్యార్థికి ప్రైవేటు ట్యూషన్ అనే రెండవ దారి లేదు. అధ్యాపకుడు ఎగవేసిన ప్రతి గంటా ఆ విద్యార్థి జీవితం నుంచి కోతపడిన గంట. కాబట్టి లెక్క ఉండవలసినదే.

అయితే లెక్క కనీస ధర్మాన్ని చూపగలదు కాని, ఉత్తమ ధర్మాన్ని చూపలేదు. వచ్చాడా లేదా అన్నది హాజరు పట్టిక చెబుతుంది. వచ్చినవాడు ఏమి ఇచ్చాడన్నది చెప్పదు. మగ్గం మీద సిద్దిపేట గొల్లభామ చీర నేసే నేతగాని పనిని చూస్తే ఈ భేదం తెలుస్తుంది. చీర పొడవును ఎవరైనా కొలవవచ్చు. కాని అంచు మీద, తలమీద చల్లకుండ పెట్టుకొన్న గొల్లభామ బొమ్మ దారాల అల్లికలో తేటగా నిలవడానికి పట్టిన ఓర్పును గజాలతో కొలవడం సాధ్యం కాదు. గజాలు తప్పితే చీర కాదు. బొమ్మ తప్పితే అది గొల్లభామ చీర కాదు. అధ్యాపకునికి గజాలూ కావాలి, బొమ్మా కావాలి.

ఈ పనిని అడిగే సమాజం, ఆ పని సాగే పరిస్థితులను కూడా కల్పించాలి. నేడు అనేక కళాశాలల్లో శాశ్వత నియామకాలు జరగక, అతిథి అధ్యాపకులే తరగతుల్లో అధిక భాగాన్ని మోస్తున్నారు. చెప్పిన గంటలకే వారికి పారితోషికం. సెలవుల్లో రాబడి ఉండదు. వచ్చే ఏడాది ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదు. ఎం.ఏ., పిహెచ్.డి. పట్టాలు పొంది, జాతీయ అర్హత పరీక్షలో ఉత్తీర్ణులై, నలభై ఏళ్ళ వయసులోనూ గంటల లెక్కన జీవించేవారు ఉన్నారు. చిత్రమేమంటే, గంటకు మాత్రమే వేతనం పొందే ఈ అధ్యాపకులు గంట తరువాత కూడా విద్యార్థి సందేహం తీర్చడానికి వరండాలో నిలబడతారు. లెక్కకు రాని పనిని వీరి నుంచి ఉచితంగా పొందుతూ, లెక్కకు వచ్చే పనికి సైతం సరియైన విలువ కట్టకపోవడం న్యాయం కాదు. రేపటి భయం లేని మనసే నేటి పాఠాన్ని నిండుగా చెప్పగలదు. ఖాళీలను సకాలంలో నింపడం, గ్రంథాలయాలకు ఏటా కొత్త పుస్తకాలు తెప్పించడం, కార్యాలయపు పత్రాల పనిని అధ్యాపకుని నుంచి వీలైనంత తగ్గించడం – ఈ మూడూ జరిగితే అడగకుండానే మంచి పాఠాలు వస్తాయి.

అధ్యాపకుని స్వాతంత్ర్యాన్ని గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి ఉపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డి. 1930లో జాతీయోద్యమంపై ప్రభుత్వం సాగించిన అణచివేతకు నిరసనగా ఆయన ఆ పదవిని వదులుకొన్నారు. విశ్వవిద్యాలయాన్ని కట్టిన చేతులతోనే రాజీనామా వ్రాయడం సులభం కాదు. పదవికంటే సత్యం పెద్దదని ఆయన విద్యార్థులకు ఏ తరగతి గదిలోనూ చెప్పనవసరం లేకపోయింది. నేటి అధ్యాపకునికి అంత పెద్ద పరీక్ష ప్రతిరోజూ రాదు. కాని చిన్న పరీక్షలు రోజూ వస్తాయి. మార్కులు కలపమని పలుకుబడి గలవారు అడిగినప్పుడు, పరీక్ష గదిలో చూసీ చూడనట్లు పొమ్మని ఎవరో సలహా ఇచ్చినప్పుడు, తనకు తెలియని ప్రశ్న విద్యార్థి వేసినప్పుడు ఆ పరీక్షలు ఎదురవుతాయి. 'నాకు తెలియదు, రేపు చూసి చెబుతాను' అని తరగతి ముందు ఒప్పుకొనే అధ్యాపకుడు ఆ ఒక్క మాటతో ఒక పెద్ద పాఠం చెబుతాడు. అది ఏ పాఠ్యప్రణాళికలోనూ లేదు.

ఇందులో విద్యార్థి పాత్ర తక్కువేమీ కాదు. అధ్యాపకుని నుంచి ఉత్తమమైనదానిని రాబట్టే శక్తి విద్యార్థి ప్రశ్నకు ఉన్నది. బావిలో నీరు ఎంత ఉన్నా, చేదవేసేవాడు లేకపోతే ఆ నీరు పైకి రాదు. పరీక్షకు ఏది వస్తుంది అని మాత్రమే అడిగే తరగతికి పరీక్షకు వచ్చేదే దక్కుతుంది. ఇది ఎందుకు ఇలా ఉన్నది అని అడిగే తరగతికి అధ్యాపకుడు ఆ రాత్రి కొత్త పుస్తకం తెరుస్తాడు. ఇంటర్మీడియట్‌లో ద్వితీయ భాషను ఎంచుకొనేటప్పుడు, ఏ భాషలో ఎక్కువ మార్కులు వస్తాయనే లెక్క అనేక ఇళ్ళలో జరుగుతుంది. ఆ లెక్కను తప్పు పట్టలేము. పోటీ తీవ్రంగా ఉన్న కాలం ఇది. అయినా, మాతృభాషను ఎంచుకొని, అందులో ఒక వాక్యాన్ని స్వంతంగా వ్రాయడం నేర్చుకొన్న విద్యార్థికి లభించేది మార్కుల పట్టీకి అందదు. అధ్యాపకుని పనిలో లెక్కకు రానిది ఉన్నట్లే, విద్యార్థి చదువులోనూ లెక్కకు రానిది ఉన్నది.

సాయంకాలం సిద్దిపేటలో కళాశాల గంట మోగుతుంది. పొద్దున వచ్చిన విద్యార్థులు మళ్ళీ బస్టాండు దారి పడతారు. కోమటి చెరువు మీదుగా వీచే గాలికి పట్టణం సేద తీరుతుంది. స్టాఫు రూములో ఒక అధ్యాపకుడు ఇంకా కూర్చొనే ఉంటాడు. ఆనాటి డైరీలో ఏ పీరియడులో ఏ పాఠం చెప్పిందీ వ్రాసి సంతకం చేస్తాడు. చివరి బస్సు పోతుందేమోనన్న ఆరాటంతోనే ఒక విద్యార్థి తలుపు దగ్గర నిలబడి, ఉదయం చెప్పిన పాఠంలో ఒక సందేహం అడుగుతాడు. అధ్యాపకుడు కలం మూసి పక్కన పెడతాడు. కుర్చీ చూపి కూర్చోమంటాడు. సందేహం తీరి, ఆ పిల్లవాడు బస్సుకు పరుగెత్తేసరికి మరో పావుగంట గడుస్తుంది.

ఆ పావుగంట డైరీలో ఉండదు. దానికి మార్కులు లేవు, పారితోషికం లేదు. కాని ఉన్నత విద్య అనే మాటకు అర్థం నిలిచి ఉన్నదంటే అది అటువంటి పావుగంటల వల్లనే. పాలకులు ఆ పావుగంటకు తీరిక కల్పించాలి. అధ్యాపకుడు దానిని నిరాకరించకూడదు. విద్యార్థి దానిని అడిగి తీసుకోవాలి.